ఓడ దిగి మూట విప్పేవాళ్ళతో ఇన్నేళ్ళు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ట్రావెల్స్ యజమాని రంగనాయకులు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కోవూరు నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు, నాతో కలిసి పనిచేసిన పిల్లలకు, ఆ మూలన కూర్చుని ఈ శాలువాలు ఎప్పటికి పూర్తవుతాయా అని చూస్తున్న మా ఆయన రూఫస్ గారికి నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్ళందరూ అబిగయీలు మేడమ్‌కు ఓర్పు ఎక్కువ అన్నారు. వింటూ కూర్చున్నాను గానీ, ఆ మేడమ్ ఎవరో నాకు తెలియదు. నాకు ఓర్పు లేదు. ఉద్యోగం ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను, అంతే. ఈ సాయంత్రంతో ఆ ఉద్యోగం అయిపోతోంది. అందుకని కాసేపు నోరు తెరుస్తాను, పెద్దలు మన్నించాలి.

నా పని ఏమిటో తెలియని వాళ్ళు కొందరు ఉన్నారు, వాళ్ళ కోసం చెబుతాను. మన జిల్లా నుంచి యాత్రలకు బయలుదేరే వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, క్షేమంగా ఇంటికి చేర్చడం నా పని. మొదట్లో కాశీ, రామేశ్వరం బస్సులు. చెన్నై రేవు నుంచి విహార ఓడలు మొదలయ్యాక, తడలో పుట్టింది, అరవం వచ్చు కదా అని ఓడల పని నాకు అప్పగించారు. ఓడ పొద్దున ఒక రేవులో ఆగుతుంది. జనం దిగుతారు, ఊరు చూస్తారు, ఆ ఊళ్ళోనే మధ్యాహ్నం భోజనం చేస్తారు, సాయంత్రం ఓడ కదిలేలోపు తిరిగి ఎక్కుతారు. చెప్పడానికి ఎంత తేలిక. ఆ మధ్యలో భోజనం అనే మాట ఒకటి ఉంది చూశారా, నా జుట్టు తెల్లబడింది దానివల్లే.

సముద్రం దాటి వెళ్తాం. వెళ్ళింది కొత్త ఊరు చూడడానికి. కళ్ళతో చూస్తారు, కాళ్ళతో తిరుగుతారు, నోటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్ళీ నెల్లూరే కావాలి. ఓడలోంచి తిండి పదార్థాలు ఒడ్డుకు తేకూడదు, అక్కడి కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు అని బస్సు సూళ్ళూరుపేట దాటినప్పటి నుంచి చెబుతూనే ఉంటాను, అందరూ బుద్ధిగా తలలూపుతారు, తీరా శ్రీలంకలో దిగాక కస్టమ్స్ ఆయన ఒక నీళ్ళ సీసా ఎత్తిపట్టుకుని, ఇందులో ఏముందమ్మా అని నన్ను అడుగుతాడు. అందులో గోంగూర పచ్చడి. నా వెనక నిలబడిన పెద్దమనిషి, "మందని చెప్పమ్మా, మోకాళ్ళకు రాసుకునేదని చెప్పు" అంటారు. ఆయన పేరు నేను చెప్పను. ముందు వరుసలో ఎడమ చివర కూర్చుని ఉన్నారు. (నవ్వులు) కూర్చోండి పెంచలకృష్ణ గారూ, లేవకండి, మీ గురించి ఇంకా చాలా ఉంది.

పెద్దవాళ్ళు ఇలా ఉంటే చిన్నవాళ్ళు ఇంకొక రకం. ఓడ ఎక్కకముందే ఫోన్ చేసి, మేడమ్, మాకు టూరిస్టు హోటళ్ళు వద్దు, అక్కడి మనుషులు తినే తిండే కావాలి అంటారు. సరేనని వెతికి, మాట్లాడి, తీసుకువెళ్ళి కూర్చోబెడితే, పళ్ళేనికి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, వేలి కొసతో ముట్టుకుని, ఇక్కడ ఫ్రైడ్ రైస్ దొరకదా మేడమ్ అంటారు. మన రాఘవమ్మ గారి అమ్మాయి అనూష నవ్వుతోంది. నవ్వమ్మా, నీ గురించే.

ఇంకొక మాట. చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించాను. నా పేరు విన్నాక, నేనిచ్చిన నీళ్ళ బాటిల్‌ను తిప్పి, సీలు ఉందో లేదో చూసుకున్న వాళ్ళు ఉన్నారు. బయట కొన్న బాటిల్ అయితే అలా చూసేవాళ్ళు కాదు. నేను చూడనట్టే ఉండేదాన్ని. కొత్త చోట తినకపోవడానికి కారణం ప్రతిసారీ కడుపు కాదని నాకు అప్పుడే అర్థమైంది.

సరే. మూడేళ్ళ కిందట జరిగింది చెబుతాను. అప్పటి వాళ్ళు చాలామంది ఈ హాల్లోనే ఉన్నారు, తప్పు చెబితే దిద్దండి.

ఆ రోజు ఓడ జాఫ్నా దగ్గరి రేవులో ఆగింది. రెండు బస్సుల నిండా కోవూరు, దొరవారిసత్రం వైపు వాళ్ళం. భోజనానికి తవమణి అనే ఆమె ఇల్లు మాట్లాడాను. భర్త చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. చెల్లెలితో కలిసి, తన ఇంట్లోనే యాత్రికులకు వండి పెట్టుకుని బతుకుతోంది. ఓడ జనం ఆమె ఇంటికి రావడం అదే మొదటిసారి. అక్కడి ఏజెంటు ముందే చెప్పాడట, ఈ గుంపు సంతోషంగా తింటే ఇకమీద ప్రతి ఓడా నీ ఇంటికే, లేదంటే టౌన్లో హోటలుకు ఇచ్చేస్తానని. అక్కాచెల్లెళ్ళిద్దరూ తెల్లవారకముందు నుంచి వండారు. ఊరు తిరిగి, పొద్దు వాలుతుండగా మేము వెళ్ళేసరికి ఆకులు వేసి, నీళ్ళు చల్లి, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

పెంచలకృష్ణ గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది, కొబ్బరినూనె వాసన గుప్పుమంటా ఉండాది. తలకు రాసుకునేదాంతో వండినారా?" అన్నారు.

"ఇక్కడ అలాగే వండుతారు సార్, రుచి చూడండి" అన్నాను.

"మాకొద్దులేమ్మా. మా కాడ పులిహోర ఉండాది. ఈ వసారాలో కూర్చోని తింటాం, ఆమెను ఏమీ అనుకోవద్దని చెప్పు."

ఆ పులిహోర కస్టమ్స్ ఎలా దాటిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆయన వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు, మొత్తం అందరూ వసారాలోకి చేరి మూటలు విప్పారు. లోపల ఖాళీ ఆకులు. తవమణి చేతిలో గరిటె అలాగే ఉంది. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "నేనేమైనా తప్పు చేశానా అక్కా?" అని అడిగింది.

అప్పుడు వసారాలోంచి రాఘవమ్మ గారు లేచారు. ఈ అమ్మ సంగతి బయటివాళ్ళకు చెప్పాలి. పెంచలకృష్ణ గారికి వదిన. అంతకు ముందు ఏడాది వాళ్ళ ఆయన వెంకయ్య గారు పోయారు. అప్పటి నుంచి ఆమె మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టడం లేదని, మనిషి సగమైందని, అనూష బలవంతంగా ఓడ ఎక్కించింది. ఓడలో అన్ని రకాల తిండ్లు పెట్టుకుని, ఈమె అక్కడ కూడా ఒక మూల కూర్చుని మజ్జిగన్నమే తిన్నారు. ఆమె లోపలికి వచ్చి, ఒక ఆకు ముందు కూర్చున్నారు.

"వండిన మనిషి ముందర మూట విప్పుకుంటారా ఎవురన్నా? నువ్వు పెట్టమ్మా" అన్నారు.

తవమణి అన్నం పెట్టి, చేపల కూర వేసింది. ఈమె ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"బాగలేదు" అన్నారు. (నవ్వులు)

తవమణి ఏమన్నారని అడిగింది. బాగుందంటున్నారు అని చెప్పాను.

"అబద్ధం చెప్పబాక అబిగయీలూ. నీ మొహం చూస్తే తెలస్తా ఉండాది. పులుసులో కొబ్బరిపాలేంది? పులుపు ఏదీ? మామిడికాయ ఎయ్యలేదా అని అడుగు."

తప్పక అడిగాను. అప్పటిదాకా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్న తవమణి, కొంగు బిగించి, "మా అమ్మ ఇలాగే వండింది, మా అమ్మమ్మ ఇలాగే వండింది. చేపల్లో మామిడికాయ వేసుకునే వాళ్ళకు నాలుక ఉందా అని అడగండి" అంది. నేను అటు మాటను ఇటు కొంచెం మెత్తగా, ఇటు మాటను అటు కొంచెం మెత్తగా చెప్పుకుంటూ వస్తున్నాను, కానీ వాళ్ళిద్దరూ నా మాటలు వింటేగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే పోట్లాడుకుంటున్నారు. చివరికి రాఘవమ్మ గారు చెయ్యి కడుక్కుని, "చేప మిగిలుండాదా?" అంటూ నేరుగా వంటింట్లోకి నడిచారు. పెరట్లో మామిడిచెట్టు. కాయ కోసుకురమ్మని అనూషను పంపించారు.

ఇక్కడ నా పరిస్థితి ఆలోచించండి. బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. మూటలు ముగించిన వాళ్ళను మొదటి బస్సెక్కించి, పెంచలకృష్ణ గారిని తోడిచ్చి రేవుకు పంపేశాను. లోపలికి వచ్చి, "రాఘవమ్మ గారూ, ఓడ వెళ్ళిపోతుంది" అన్నాను.

"పోనీలే. పులుసు దించినాక పోదాం."

"అది వెళ్ళిపోతే ఇంకొకటి రాదమ్మా, ఇది కోవూరు బస్టాండు కాదు."

"నువ్వు అడ్డం లే, ఉప్పు యాడుండాదో అడుగు ఆమెను."

తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. పులుసు ఉడికింది. తవమణి రుచి చూసింది. అందులో సగం వేరే గిన్నెలోకి తీసి, దానిలో గరిటెడు కొబ్బరిపాలు పోసి, రాఘవమ్మ గారి ముందు పెట్టి, "ఇప్పుడు తిను" అంది. అది నేను మార్చి చెప్పనవసరం లేకపోయింది. రాఘవమ్మ గారు తిన్నారు. ఆకు ఖాళీ చేసి, "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నారు. పక్కన ఫోటోలు తీస్తున్న అనూష ఫోన్ దించేసి గోడవైపు తిరిగింది. ఏమైందమ్మా అంటే, "నాన్న పోయినాక మా అమ్మ రెండోసారి అన్నం అడగడం ఇదే మేడమ్" అంది.

ఆ వాసనకు వసారాలో మిగిలిన వాళ్ళు ఒకరొకరే లోపలికి వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. పులిహోర తిన్న కడుపులో మళ్ళీ ఎక్కడ పట్టిందో దేవుడికే తెలియాలి. రెండు పులుసులూ ఊడ్చేశారు. గుమ్మం దగ్గర నిలబడిన ఏజెంటు అంతా చూశాడు.

రేవుకు చేరేసరికి ఓడ బయలుదేరే హారన్ మోగుతోంది. మెట్ల దగ్గర గొడవ. చూస్తే పెంచలకృష్ణ గారు. ఒక కాలు ఓడ మెట్టు మీద, ఒక కాలు ఒడ్డు మీద పెట్టి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఓడ వాళ్ళు ఇంగ్లీషులో అరుస్తున్నారు, రేవు వాళ్ళు సింహళంలో అరుస్తున్నారు, ఈయన అందరికీ కలిపి తెలుగులో చెబుతున్నారు. "మా వదిన ఇంకా రాలా. ఆమె ఎక్కిందాకా నేను కాలు తియ్యను. తోసేస్తే తోసెయ్యండి, ఈడనే పడతా." మేము ఎక్కాకే ఆయన కాలు తీశారు. తీసి, నా వైపు తిరిగి, "రేపు మీ ఓనరుకు ఫోన్ చేస్తా, చూస్కో" అన్నారు. (నవ్వులు) చేశారు కూడా. రంగనాయకులు గారు నన్ను పిలిచి, అరగంట తిట్టారు. తలవంచుకోకండి సార్, నేనేమీ మనసులో పెట్టుకోలేదు, గుర్తు పెట్టుకున్నాను అంతే.

తరువాత ఏమైందో కూడా చెప్పాలి. ఇప్పుడు మన ఓడల భోజనం తవమణి ఇంట్లోనే. రెండు గిన్నెలు పెడుతుంది, ఒకటి పాలది, ఒకటి మామిడికాయది. రెండోదాన్ని ఆమె నెల్లూరు పులుసు అంటుంది, మన రాఘవమ్మ గారేమో అందులో ఇంకా ఉప్పు సరిపోదంటారు. పోయిన ఏడాది తవమణి చెల్లెలి కంటి వైద్యానికి చెన్నై వస్తే, రాఘవమ్మ గారు కారు తీసుకువెళ్ళి ఇద్దరినీ కోవూరు తెచ్చుకుని, కన్ను నయమయ్యేదాకా ఇంట్లో పెట్టుకున్నారు. అక్కడా వంటింట్లో పోట్లాటేనట. పెంచలకృష్ణ గారు మాత్రం ఆ పులుసు ఇప్పటికీ నోట పెట్టలేదు. వదిన కోసం ఓడను ఆపిన మనిషి సార్ మీరు, ఒక ముద్ద దగ్గర ఎందుకు ఆగిపోతారు? మీ మీద ప్రేమ ఉంది కాబట్టే ఇంత కోపం. ఇది ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను.

ఒక సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు బస్సు కదులుతుంటే తవమణి పరుగెత్తుకు వచ్చి, కిటికీలోంచి ఒక ఆకు పొట్లం నా ఒళ్ళో పడేసింది. "నువ్వు తినలేదు" అంది. అంత గొడవలో చూసుకుంది. ఎన్ని రేవులు, ఎన్ని భోజనాలు, ఎందరిని కూర్చోబెట్టాను. అందరూ తిన్నారా అని లెక్క చూసుకునేసరికి బస్సుల వేళ అయ్యేది. ఏదో నిలబడి ఇంత నోట్లో వేసుకునేదాన్ని. నువ్వు తిన్నావా అని మీలో ఒక్కరూ అడగలేదు. నాకొక ఆకు వేయమని అడగాలని నాకూ తోచలేదు. ఆ పొట్లం ఓడలో నా గదిలో కింద కూర్చుని విప్పాను. అన్నం ఇంకా వెచ్చగా ఉంది. ఏడ్చుకుంటూ తిన్నాను. ఆకలితో ఏడ్చానో, మీ అందరి మీద కోపంతో ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

నన్ను నమ్మి ఇంటి ఆడవాళ్ళను నాతో పంపిన కోవూరు అన్నలకు, తిట్టినా ఉద్యోగం తీయని రంగనాయకులు గారికి, నేను ఊళ్ళు తిరుగుతుంటే ఇల్లు చూసుకున్న రూఫస్ గారికి నా కృతజ్ఞతలు. వెనక షామియానాలో భోజనాలు సిద్ధమయ్యాయట. ఇందాకటి నుంచి మా పిల్లలు ద్వారం దగ్గర నిలబడి, మొదటి పంక్తికి ఎంతమందిని పంపమంటారు మేడమ్ అని నాకు సైగ చేస్తున్నారు. నన్ను అడగకండమ్మా. మొదటి పంక్తిలో నేను కూర్చుంటున్నాను. వడ్డించేవాళ్ళు ఎవరో మీరే తేల్చుకోండి. సెలవు.