చివరి ఎన్నికల గొంతు

కిందటేడు పోయిన నాయకుడి ప్రసంగం వీధివీధినా మైకుల్లో మోగుతోంది. అది విన్న ఆయన భార్య నేరుగా పార్టీ ఆఫీసు వెనకనున్న రికార్డింగ్ గదికి వచ్చి, అక్కడ టేపులు చూసే కుర్రాణ్ణి నిలదీసింది.

"మా ఆయన మాటలు కత్తిరించి అతికించింది నువ్వేనా, బాబూ?"

"అయ్యో, ముక్క కూడా కొయ్యలేదమ్మా. ఆయన అన్నది అన్నట్టే ఉంది."

"బుకాయించకు. వలస వచ్చినవాళ్లని తరిమెయ్యమని ఆయన అంటారా? వాళ్ల రేకుల షెడ్లలో కూర్చుని టీ తాగిన మనిషి!"

"అది మొదటి ఎన్నికలప్పుడమ్మా. అన్నీ ఉన్నాయి, వరసగా వినండి."

అతను మీట నొక్కగానే పోయిన మనిషి గొంతు గదంతా నిండింది.

"వచ్చినవాళ్లూ మనవాళ్లే!"

"అది మొదటిది. ఇప్పుడొచ్చేది రెండోసారి గెలిచినప్పటిదమ్మా."

"మనవాళ్లే. కాకపోతే అణిగిమణిగి ఉండాలి."

"తర్వాతది ఓడిపోయాక."

"ముందు మనం. మిగిలితే వాళ్లకి."

"ఇక ఇదే చివరిది."

"పంపించెయ్యండి వాళ్లని!"

అన్నింట్లోనూ ఒకటే గొంతు, రోజూ పొద్దున్నే ఆమెను కాఫీ అడిగిన గొంతు.

"ఇంతలా మారిపోతే నాకు తెలియదా, బాబూ? ప్రతి సభలోనూ ముందు వరసలోనే ఉన్నాను కదా!"

"ఏమోనమ్మా. ఈ చివరిదాంట్లో నేను తీసేద్దామనుకున్నది ఒక్కటే. చప్పట్లకి ముందు ఎవరో ఆవిడ 'అదీ మాట!' అని అరుస్తుంది. వినండి."

అతను మళ్లీ వినిపించాడు. ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తియ్యకు, బాబూ. అది నేనే."