ఏడాది తిరగని ఇంట్లో కర్జికాయలు

ఆ స్విచ్చి మీద నుంచి చెయ్యి తియ్యి వదినా. ఈ పెట్టె లోపల ఎనిమిది కర్జికాయలు ఉండాయి. ఒకపక్క కాలినాయి, ఇంకోపక్క పచ్చి. ఇట్లే వదిలేస్తే కుక్క గూడా ముట్టదు. తియ్యి.

తియ్యవా? సరే, కూచో. కుర్చీ గూడా ఆడికే లాక్కుంటివి, స్విచ్చిబోర్డుకు కాపలా ఉన్నట్లు.

వేంపల్లెలో తెల్లారగానే బయలుదేరి, ప్రొద్దుటూర్లో బస్సు మారి, ఈ ఎండలో ఈ బనగానపల్లెకు వచ్చి, చెప్పులు విడిచీ విడవకనే వంటింట్లోకొచ్చి స్విచ్చి కట్టేస్తివే! మజ్జిగిస్తే వద్దంటివి. ఎవరికేమాయెనో అనుకుంటి. తీరా చూస్తే ఏమి? కర్జికాయలు!

ఎవరు చెప్పినారో చెప్పొద్దులే, నాకు తెలుసు. పాల సుంకమ్మ. నిన్న సాయంత్రం పాలు పోస్తా పోస్తా, నేను పొయ్యి మీద మామిడిపండు గుజ్జు తిప్పుతాంటే చూసి, చెంబు పట్టుకొని అట్లే నిలబడిపాయె. అప్పుడే అనుకుంటి, ఈ పాలు వేంపల్లె దాకా పొంగుతాయని.

"మొగుడు పోయి ఏడాది తిరగలే, అప్పుడే బాండ్లి పెట్టింది" అనిందా? అనుంటుంది. సరే, నువ్వే చూడు. పొయ్యి మీద ఏముండాది? పాలగిన్నె. బాండ్లి యాడ? నూనె యాడ? వాసన చూడు. యాలకుల వాసన తప్ప ఇంకేమన్నా వస్తాందా?

నాకు తెల్దా ఆచారం! మీ తమ్ముడు కార్తీకంలో పోయినాడు. మళ్ళా కార్తీకం వచ్చేదాకా ఈ ఇంట్లో నూనె బాండ్లి పొయ్యెక్కగూడదు. ఏడాది తిరిగినంక ఆడబిడ్డ వచ్చి, తన చేత్తో బాండ్లి పెట్టి, నాలుగు గారెలు కాల్చాల. అప్పుడు గానీ ఈ ఇంట్లో పిండివంట లేదు. ఏడు నెలలాయె వదినా. అప్పడం గూడా నిప్పు మీద కాల్చుకుంటినే గానీ నూనెలో వెయ్యలే. ఎవరూ చూడనప్పుడు గూడా వెయ్యలే. నమ్మితే నమ్ము.

ఇది బాండ్లి కాదు. ఎయిర్ ఫ్రయర్. లోపల ఫ్యాను తిరుగుతాది, వేడిగాలి కొడతాది, అంతే. ఎండాకాలం ఓర్వకల్లు దావలో బస్సు కిటికీ పక్కన కూచుంటే మొగానికి తగల్తాదే, ఆ గాలి. ఆ గాలికి గూడా మైల ఉంటాదా?

ఏమి? పేరులోనే వేపుడు ఉందని నీ మనవరాలు చెప్పిందా? బాగుండాది. మనూర్లో తూకంలో కొట్టే బియ్యం అంగడాయప్ప పేరు ధర్మయ్య.

నవ్వొస్తే నవ్వు. దాచుకోవద్దు.

నెయ్యా? పూసినా. పైన రవ్వంత, వేలితో. ఏం, అన్నంలో నెయ్యి వేసుకుంటలేమా ఈ ఏడు నెలలూ? మీ తమ్ముని పెద్దదినం నాడు బేకరీ బిస్కెట్లు టీలో ముంచుకొని ఇంటిల్లిపాదీ తింటిరే. నువ్వే నాలుగు తింటివి, నేను చూస్తి. అవి యట్లా కాలినాయనుకుంటాండావు? ఇట్లే. మూసిన పెట్టెలో, వేడికి. బేకరీ ఆయప్ప కాలిస్తే పుణ్యం, నేను కాలిస్తే పాపమా?

అసలు ఈపొద్దే ఏంటికి అంటావు. అదీ అడుగు. అడగాల్సిందే.

ఆ కిటికీ కాడ స్టీలు డబ్బా ఉండాది, చూడు. మూత మీద ఉర్దూలో పేరు చెక్కి ఉంటాది. పక్కింటి గుల్జార్ బీది. ఉగాది నుంచి ఈడనే ఉండాది. రెండు నెలలు. పొద్దున లేస్తే దాని మొగమే చూస్తాండా.

తెలుసు గదా నీకు, ఒకరింటి నుంచి నిండుగా వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోగూడదు. మీ అమ్మే నాకు నేర్పింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కడిగి ఊరికే పంపిస్తే నన్ను పదిమందిలో కడిగింది.

ఈ సాయంత్రం గుల్జార్ బీ కూతురు షాహనాకు మంగ్నీ, అదే నిశ్చితార్థం. పిల్లోని తరఫు వాళ్ళు నంద్యాల నుంచి నాలుగింటికి దిగుతారు. ఆలోపల ఈ డబ్బా నిండాల, ఆ ఇల్లు చేరాల. నలభై పడతాయి దీంట్లో. ఇరవైనాలుగు అయినాయి. ఎనిమిది లోపల ఉండాయి, నీ పుణ్యాన చల్లారతాండాయి. ఇంకా ఎనిమిది పీట మీద ఆరిపోతాండాయి. గోడమీద గడియారం చూడు.

మామిడిపండ్లు వేసి పంపొచ్చు గదా అంటాండావా? బనగానపల్లెలో ఒకరింటికి మామిడిపండ్లు పంపేదా! కడపోళ్ళకు బండలు పంపినట్లుంటాది. అందులోనూ గుల్జార్ బీ మొగుడు వలి సాహెబ్ మండీలో పండ్లు ఏరే మనిషి. కూతురి మంగ్నీ నాడు ఆయప్ప ముందర మామిడిపండ్లు పెడితే, పాపం, లేచి మచ్చవి ఒకపక్క, మంచివి ఒకపక్క ఏరుతాడు.

ఉగాదికి ఏం జరిగిందో చెప్తా, విను. మోకాలు తర్వాత రుద్దుకుందువు.

ఈ ఏడు ఉగాది ఒకనాడు, రంజాన్ పండగ మరునాడు. ఉగాది నాడు గుల్జార్ బీకి ఆఖరి రోజా. గొంతులో చుక్క నీళ్ళు లేవు. అట్లా పొయ్యి ముందర కూచొని, నూనె సెగలో, మనింటి కోసరం కర్జికాయలు చేసి తెచ్చె. "మీ ఇంట్లో ఈ ఏడు కడాయి పెట్టరు గదా పార్వతక్కా" అని డబ్బా నా చేతిలో పెట్టె. బెల్లం తక్కువ, ఉప్పు ఎక్కువ. నేను మొగమాటం లేకుండా చెప్పేస్తి గూడా. "రోజా గదక్కా, నాలిక మీద పెట్టి చూడలే" అనె.

పదకొండు తింటి. నిలబడే.

ఇప్పుడు ఒకటడుగుతా, కోపం చేసుకోవద్దు. చేసుకుంటే చేసుకో. చావింట్లో బాండ్లి పెట్టగూడదనేది సగం ఆచారం. పండగపూట అయినవాళ్ళు చేసుకొచ్చి ఆ ఇంట్లో పెట్టాల అనేది మిగిలిన సగం. మొదటి సగానికి నువ్వు రెండు బస్సులు మారి వస్తివి. రెండో సగం యాడ పెడితివి వదినా?

మోకాళ్ళా! ఉగాదికి లేవని మోకాళ్ళు ఈపొద్దు ప్రొద్దుటూరు బస్టాండులో ఉరికినాయి గదా.

ఉగాది నాడు నేను గేటు కాడ ఎంతసేపు నిలబడితినో నీకు తెల్దు. ప్రతి ఆటోకూ తొంగి చూస్తి. ఇది నీకు చెప్పగూడదనుకుంటి. చెప్పేస్తి. పోనీలే.

నీళ్ళు తాగు. ఇద్దో. చెయ్యి మాత్రం మళ్ళా స్విచ్చి మీద పెట్టొద్దు.

ఈ పండ్లు మన తోటవే. మీ తమ్ముడు నాటిన చెట్లవే. గాలికి రాలి మచ్చబడితే మండీలో తీసుకోరు గదా, అవి. మచ్చ కోసేసి, గుజ్జు పిండి, మందపాటి గిన్నెలో బెల్లమేసి, గిన్నెను వదిలేదాకా తిప్పాల. చల్లారినంక కొబ్బరి, యాలకులు, పుట్నాల పొడి. ఆ పొడి వేస్తేనే తడి పీలుస్తాది. పైపిండికి మైదా, చారెడు బొంబాయి రవ్వ, కరిగిన నెయ్యి. తక్కినది పెట్టె చూసుకుంటాది. ఆరు నిమిషాలు, తిప్పు, ఇంకో ఆరు నిమిషాలు. గుజ్జు సిద్ధంగా ఉంటే, ఇంటికి మనుషులు వచ్చి కాళ్ళు కడుక్కొని కూచునేలోగా పళ్ళెంలో ఉంటాయి. చెమట పట్టదు, చెయ్యి కాలదు. ఈ మచ్చలు చూడు నా ముంజేతి మీద. అయిదు మచ్చలు, అయిదు దసరాలు. మీ అమ్మ బాండ్లి పెట్టినవే.

ఇదంతా మొదట్లో రాలేదులే నాకు. మొదటిసారి పచ్చి పండుముక్కలే పెట్టి మడిచినా. లోపల రసమూరి, అంచులు తెరుచుకొని, అడుగున కారి, నల్లగా మాడి, గడ్డపారతో గీకాల్సి వచ్చె.

ఆ మాడినవే మీ తమ్మునికి పెడితి.

అవును, ఈ పెట్టె కొన్నిందే ఆయప్ప కోసరం. మూడేళ్ళ కిందట కర్నూల్లో గుండెకు స్టెంట్లు వేసినప్పుడు, డాక్టరు నూనె ముట్టొద్దనె. నేను ఇంటికి రాగానే ఇది తెప్పిస్తి. ఆయప్ప ఒక్కటి కొరికి పక్కన పెట్టి, "గాలి తిని బతికేదానికి నేనేమన్నా పామునా?" అనె. మళ్ళా ముట్టలే.

నేనూ మొండిదాన్నే. అటక మీదికెక్కించేస్తి. ఆయప్ప నోరు కట్టుకుంటే చాలు, ఈ పెట్టెతో తిప్పలేంటికి అనుకుంటి. పోయినేడు మామిడిపండ్ల కాలంలో గూడా అడిగె. "పార్వతీ, నాలుగంటే నాలుగు, నూనెలో కాల్చి పెట్టు" అనె. ససేమిరా అంటి. ఆయప్ప బస్టాండు కాడ బజ్జీలు తిని మూతి తుడుచుకొని వచ్చేటోడు. నేను వాసన పట్టి అరిచేదాన్ని. అదీ మా సంసారం.

ఆయప్ప పోయినంక దింపితి దీన్ని. మూడుసార్లు చెడి, నాలుగోసారి కుదిరె. మూడేళ్ళ ముందే కుదిరించుండొచ్చు. నాకు తీరిక లేకపాయె. కాలేజీలో లైబ్రరీ పని, ఇల్లు, పంతం.

జాలి చూపు చూడొద్దు వదినా. ఆ చూపుకోసరం చెప్పలే.

ఏమి? మళ్ళా అదేనా? నేను స్విచ్చి వేస్తే నువ్వు కార్తీకంలో ఏడాది దినానికి రావా? అమ్మ బాండ్లి పొయ్యెక్కించవా? ఈ ఇల్లు ఇంగ పిండివంట లేకుండా ఉండాల్సిందేనా?

అమ్మ బాండ్లి, అమ్మ బాండ్లి అని వచ్చినప్పటి నుంచి అంటనే ఉండావు. ఒక చెవి ఊడితే ఇత్తడి మేకు కొట్టించిన బాండ్లి. పొంగళ్ళ గిన్నెతో బాటు అటక మీద భద్రంగా ఉంటాదనుకుంటాండావు. నిచ్చెన ఆడుండాది. ఎక్కి చూడు.

లేదు. అటక మీద లేదు.

స్టెంట్లు వేసిన మూడో నెలలో, నేను లైబ్రరీ నుంచి రవ్వంత ముందే వస్తే, మీ తమ్ముడు లుంగీ ఎగ్గట్టుకొని ఈ పొయ్యి కాడనే మిరపకాయ బజ్జీలు కాల్చుకుంటాండాడు. ఆ బాండ్లిలోనే. నూనె పారబోసి, బాండ్లి తోమి, గోడమీద నుంచి గుల్జార్ బీకి ఇచ్చేస్తి. "నాకు ఎప్పటికీ తిరిగియ్యొద్దు" అంటి.

అర్థమాయెనా వదినా?

ఉగాది నాడు ఆమె మన కోసరం కర్జికాయలు కాల్చింది దాంట్లోనే. మీ అమ్మ బాండ్లి ఏడాది తిరగకముందే పొయ్యెక్కింది. మన ఇంటి బాండ్లి, మన ఇంటి కోసరం, మన ఇంటి చావు ఆచారం కాపాడేదానికి. చేతులు మాత్రం మనవాళ్ళవి కావు. నువ్వొచ్చి పెట్టాల్సిన బాండ్లి ఉపవాసముండే మనిషి పెట్టె. నాకు ఆపొద్దే తెలుసు. డబ్బా తెరవగానే తెలుసు, మేకు కాడ మాడే ఆ నల్లమచ్చ ప్రతి కర్జికాయకూ ఉండె. తెలిసే తింటి. పదకొండూ తెలిసే తింటి.

నేను పోయి అడగను. ఇచ్చిన సామాను తిరిగి అడిగే అలవాటు నాకు లేదు. కార్తీకంలో నీకు ఆ బాండ్లి కావాలంటే నువ్వే ఆ ఇంటికి పోయి అడుక్కో. వద్దంటే ఊరుకో. నా పెట్టె నాకుండాది.

పోయేటట్లుంటే మాత్రం ఖాళీ చేతుల్తో పోవద్దు, మీ అమ్మ ఒప్పుకోదు. ఇంకో పదహారు కాలితే ఈ డబ్బా నిండుతాది, తీసుకొని పోదువు.

అందుకే చెప్తాండా. స్విచ్చి వెయ్యి.