నీళ్లు లేని కోటలో పురుడు

జోహరాబీ అని ఒక మంత్రసాని ఉండేదంట. ఎక్కడా? మన దేశం కాదులే, సముద్రాలు దాటి పడమటేపు. అక్కడ ఏటికి ఈ పక్కంతా సుల్తానుది, ఆ పక్కంతా సిలువ జెండా రాజుది. ఏటి ఒడ్డున గుట్ట మీద సిలువ రాజు కోట ఒకటుంటే, దాన్ని సుల్తాను దండు చుట్టేసి కూర్చుంది. జోహరాబీకి ఒక్కడే కొడుకు, హారూనని, కొత్తగా పెళ్లయినోడు. వాడూ ఆ దండులోనే, నిచ్చెనలేసి గోడలెక్కే మందలో ఉన్నాడు. ఆరోజు పొద్దున ఎక్కినోళ్లు ఎక్కినట్టే పడ్డారంట. పైనుంచి కాగిన ఇసక గుమ్మరిస్తే అది కవచాల్లో దూరి ఒళ్లు ఉడికిపోయింది. మర్నాడు హారూనోళ్ల వంతు. దండు వెంటొచ్చిన ఆడోళ్లకి పురుళ్లు పోస్తా ఈమె కూడా అక్కడే ఉంది. గుడారం ముందర కూర్చుని కొడుకు కవచం సందుల్లో గుడ్డపేలికలు కుక్కతా ఉంది.

ఇంతలో ఏమైందంటే, పొద్దు నడినెత్తికొచ్చేసరికి కోట మీద తెల్లగుడ్డ ఊపారు. లొంగిపోతున్నారేమోనని అందరూ లేచారు. అది కాదంట. కోట దొర మార్తీను పెళ్లాం ఎల్విరమ్మకి నిన్నట్నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, లోపల మంత్రసాని లేదు. మీలో ఎవరన్నా ఉంటే పంపండయ్యా, ఆడకూతురు చచ్చిపోతావుందీ అని ఆ దొరే గోడమీంచి అరుస్తున్నాడంట. సుల్తాను సర్దారు జోహరాబీని పిలిపించాడు. "పోయి పురుడు పోసిరా. ఉత్తినే రావాకు, కళ్లు తెరుచుకుని అన్నీ చూసొచ్చి నాకు చెప్పాలి" అన్నాడు. "నా కొడుకుని ఆ నిచ్చెనల మందలోంచి తియ్యండయ్యా" అందీమె. "వాడొక్కణ్ణి తీస్తే మిగతా తల్లులకి నేనేం చెప్పను?" అన్నాడు. ఆ మాటా నిజమే గదా.

పోయింది. ఒక్కమనిషి పట్టేంత తలుపు తీసి లోపలికి లాక్కున్నారు. మార్తీను దొర కత్తి దూసి, నా భార్యకేమన్నా అయితే నువ్వీ గడప దాటవు అన్నాడంట.  ఈమె, "నువ్వవతలికి పోవయ్యా, ఇక్కడ నీకేం పని" అని గదమాయించి తలుపేసింది. చేతులు కడుక్కోను నీళ్లు తెమ్మంటే పనిమనిషి గిన్నెతో ద్రాక్షసారా తెచ్చింది. "ఇదేందే, నేనడిగింది నీళ్లు గదా?" అంటే ఆమె మంచమేపు చెయ్యి చూపించింది. అప్పుడు చూసింది జోహరాబీ. ఎల్విరమ్మ పెదాలు పగిలి నెత్తురొస్తంది, నాలిక లావెక్కి మాట ముద్దముద్దగా వస్తంది. కోటలో బావి ఎండిపోయింది! అంత కోటలో చుక్క నీళ్లు లేవు. సరే, చెయ్యి పెట్టి బిడ్డని తిప్పింది. పాపం ఎల్విరమ్మకి అరవడానిక్కూడా గొంతు లేదు. మొత్తానికి ఆడపిల్ల పుట్టింది, సారాతోనే తుడిచారు. ఎల్విరమ్మ ఈమె ముసుగు చెంగు పట్టుకుని, "అమ్మా, ఇక్కడ చూసింది బయట చెప్పబాకు. మా రాజు దండు వస్తంది, అందాకా ఆగితే చాలు" అంది. జోహరాబీ ఆమె తల నిమిరి లేచొచ్చేసింది.

గుట్ట దిగే దారి ఎంతని? ఆమెకి మాత్రం తెగలేదంట. చెప్పిందనుకో, సర్దారు ఊరికే కూర్చుంటే కోట దానంతటదే పడుద్ది, హారూను నిచ్చెనెక్కే పనే లేదు. కానీ లోపలోళ్లు దాహంతో చస్తారు, చావనోళ్లని బానిసలుగా అమ్ముతారు. ఇప్పుడే తన చేతుల్లో పడ్డ ఆ పసిగుడ్డుతో సహా. చెప్పలేదనుకో, తెల్లారితే కొడుకు నెత్తిన ఇసక. మీరైతే ఏం చేస్తారే? నవ్వబాకు నాంచారమ్మా, ఆలోచించి చెప్పు.

సర్దారు ఎదురొచ్చాడు. ఏం చూశావంటే, "చెబుతా, కానీ ముందు దండులోళ్లందర్నీ పిలువు" అంది. అందరూ వచ్చారు. "లోపలోళ్లు బయటికొస్తే ఎవరి మీదా చెయ్యి వెయ్యనని, వాళ్ల రాజు దగ్గరికి నడిచిపోనిస్తానని ఖురాను మీద ప్రమాణం చెయ్యి. అప్పుడు చెబుతా" అంది. సర్దారుకి మండిపోయింది. "నీ కొడుకునే మొదటి నిచ్చెన ఎక్కిస్తా" అన్నాడు. "ఎక్కించు" అందంట!   అప్పుడు నిచ్చెనలోళ్లలోంచి ఒకడు, "ప్రమాణం చెయ్యండి సర్దార్" అన్నాడు. ఇంకొకడన్నాడు. తెల్లారితే చావబోయేవాళ్లు గదా, అందరూ అన్నారు. ఇంక తప్పక సర్దారు ప్రమాణం చేశాడు. "నీళ్లు లేవు" అనేసి మొహం కప్పుకుందామె.

నిచ్చెనలు పక్కన పెట్టి, బయటికొస్తే పోనిస్తామని కోటకి కబురంపారు. మార్తీను నమ్మలా, తలుపు తియ్యలా. రెండ్రోజులో మూడ్రోజులో, జోహరాబీ ఆ తలుపుకేసే చూస్తా కూర్చుంది, లోపల ఆ పిల్ల ఉందో పోయిందోనని. ఆఖరికి తీశారు. తూలుకుంటా వస్తున్నారంట మనుషులు. సర్దారు మాట మీద నిలబడ్డాడు, అంతమంది ముందర చేసిన ప్రమాణం మరి. ఈమె కుండతో నీళ్లూ ఒక ముంతా పెట్టుకుని దారి పక్కన నుంచుంది. ఎల్విరమ్మ బిడ్డనెత్తుకుని వచ్చి ఆగింది. "నువ్వే చెప్పావు గదా?" "నేనేనమ్మా." ఎల్విరమ్మ చెయ్యెత్తింది, కుండ తోసేస్తదో, మొహాన కొడతదో అన్నట్టు. చంకలో పిల్ల సన్నగా మూలిగింది. పాలు రావాలంటే తల్లి తాగాలి గదా. ఆ చేత్తోనే ముంత అందుకుని గటగటా తాగేసింది. తాగి, ముంత కింద పెట్టి, పిల్లని భుజానేసుకుని పోయింది.

ఆ కోట కోసం తర్వాత మళ్లా కొట్టుకున్నారంట, ఇప్పుడెవరిదో నాకు తెలవదు. హారూనుకి మాత్రం నలుగురు పిల్లలు. మా ఆయన ఈ కథ విన్నప్పుడల్లా, ఆమె చెప్పకుండా ఉండాల్సింది అంటాడు. అంటాడంటాడు, కొడుకుని కన్నది ఆయనా ఏంది!