అరవై దాటితే వణుకు

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన జీపుల షెడ్డు. మధ్యాహ్నం మూడు కావస్తోంది. జాకీల మీద నిలబెట్టిన జీపుకు ఒక పక్క దాని సొంతదారు, ఉదయగిరి రామనారాయణ మాస్టారు. ఇంకో పక్క మెకానిక్ కోటేశ్వర్.

"ఆ శుక్రవారం నుంచే గదా సార్ ఈ వణుకు? మా ప్రశాంత్ పోయిన రోజు నుంచే."

"ఆ రోజు నుంచే. నెలన్నర అయింది."

"బండి ఎత్తు లేపితే వణకదా సార్? మూడంగుళాలు లేపినాడు. వద్దురా అన్నాను. మా తమ్ముడు నా మాట ఎప్పుడు విన్నాడు?"

"లేపమన్నది నేనే. నిమ్మతోటకి పోయే వాగులో రాళ్ళు అడుగున తగులుతున్నాయని."

"మీరు అంటారు. చేసేవాడికి తెలివుండద్దా? దించేస్తాలే సార్. సాయంత్రానికి పాత ఎత్తుకి తెచ్చేస్తాను."

"దించితే వణుకు పోతుందా?"

"పోవాల."

"పోవాల అంటే?"

"పోతుంది సార్."

"మీ మరదలు సుధారాణి మొన్న ఏఎస్ పేటలో కనబడింది, కోటేశ్వర్. 'ఆయన ఆ బండిని లేపకపోయుంటే ఆ రోజు ఆస్పత్రికి వేగంగా పోయుండేవాళ్ళు సార్. ఆయన పనే ఆయన్ని తినింది' అంది. నా మొహం కూడా చూడలేదు. అది నిజమో కాదో నాకు తెలియాలి. అందుకే వచ్చాను."

"ఏడుపులో ఏదో అనుంటాది."

"ఎవరు చెప్పారు ఆ పిల్లకి?"

"ఊరంతా అనుకుంటా ఉండారు గదా సార్... టైర్లు చూడాల. ఇంజను కింద రబ్బర్లు కూడా."

"టైర్లు కలిగిరిలో ఒక మెకానిక్‌కి చూపించాను, బాగున్నాయన్నాడు. న్యూట్రల్‌లో వదిలినా వణుకుతోంది, కాబట్టి ఇంజను కాదన్నాడు. నలభైలో ఏమీ లేదు. అరవై దాటితే సీటు కింద నుంచి వస్తుంది. వెనక చక్రాల్ని తిప్పే ఆ పొడుగు షాఫ్టు చూడమన్నాడు."

"షాఫ్టు చూసినాను."

"ఎప్పుడు?"

"చూసినాను సార్."

"హోంవర్కు కూడా రాశాను సార్ అనేవాడివి. పుస్తకం తెమ్మంటే ఇంట్లో ఉండేది."

"ఇప్పుడు అయ్యన్నీ ఎందుకు సార్... ఓ సార్! తెల్లచొక్కాతో కిందకి దూరబాకండి! అంతా గ్రీజు ఉండాది. లెయ్యండి, నేను చూస్తాను."

"నువ్వు చూడవు. ఈ ఫోను పట్టుకో, వెలుగు ఇటు పెట్టు. ఇదేంది, ఎర్ర గీత?"

"గోళ్ళ రంగు. సుధారాణిది. ఏ జాయింటు ఊడదీసినా వాడు ముందు రెండు ముక్కల మీదా కలిపి ఒక గీత గీస్తాడు. మళ్ళా బిగించేటప్పుడు ఆ రెండూ కలవాల. ఆ పాప ఎన్ని సీసాలని కొనుక్కుంటాది!"

"ఎనిమిదో తరగతిలో నా సైకిలు విప్పి సుద్దముక్కతో ఇట్లాగే గీతలు పెట్టాడు. లెక్కల్లో మాత్రం ముప్పై దాటలేదు."

"మీ సైకిలా? ఇంట్లో చెప్పనేలేదే, దొంగనాయాలు."

"ఇవి కలవలేదు, కోటేశ్వర్."

"ఏవి?"

"గీతలు. ఒకటి పైన ఉంది. రెండోది పక్కకి పోయింది."

"జరగండి... రెండు పళ్ళు తప్పినాయి."

"అంటే?"

"షాఫ్టు రెండు ముక్కలు సార్. ఒకదాంట్లోకి ఒకటి దూరతాది. లోపల పళ్ళుంటాయి. రెండు కొసలూ ఒకే వాటంగా నిలబడాల. తప్పితే నిదానంలో తెలీదు. వేగం అందుకుందంటే వణుకే."

"అయితే ఎత్తు వల్ల కాదు."

"ఉండండి సార్, ఇరుసు కూడా చూడాల."

"నిన్నే అడిగేది."

"కాదు సార్. ఎత్తుకి తగినట్టు వెనక ఇరుసు కింద ఇనప చెక్కలు పెట్టి షాఫ్టు వాలు సరిచేసుండాడు. ఇదిగో. నేను కూడా ఇంత బాగా పెట్టలేను."

"ఇంత చూసి చేసినవాడు తన గీతే తప్పి బిగిస్తాడా?"

"వాడు బిగించలా సార్."

"మరి?"

"ఆ రోజు షాఫ్టు ఊడదీసి కింద పడుండాది. రొమ్ములో మంటన్నా అన్నాడు. గ్యాసులే, సోడా తాగి పడుకోరా, నేను బిగిస్తాను అన్నాను. ఆ బెంచీ మీద పడుకోనే చెప్పినాడు, గీతలు చూసుకోన్నా అని. ఊ అన్నాను."

"చూడలేదు."

"చూడలా. నట్లు బిగిస్తా తలెత్తితే వాడికి చెమటలు కారిపోతా ఉండాయి. ఇదే బండిలో వెనక పండేసుకోని నెల్లూరు ఆస్పత్రికి ఎత్తినాను. తొక్కితే వణుకు. వదిలితే నిదానం. బండి ఊడిపోతుందేమోనని భయం సార్, వాడు లోపలుండాడు గదా."

"ప్రశాంత్ ఏమన్నా మాట్లాడాడా?"

"దారిలో సంగం ఊరు దాకా మాట్లాడినాడు. వణకతా ఉండాదన్నా, లేపడంలో నేనేదో తప్పు చేసుంటాను అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అవునురా, నీ వల్లే అన్నాను సార్. సుధారాణికీ అదే చెప్పినాను. కాదని ఇంకా చెప్పలా."