వీరభద్రరావు ఎదుట ఆగని మోటారు

కంకిపాడు సెంటర్లో బడే మియా టీకొట్టు బల్ల మీద వీరభద్రరావు కూర్చున్నాడంటే పక్కన ఇంకొకరికి చోటుండదు. మనిషి సన్నమే, మాటలే చోటు తినేస్తాయి. చుట్టుపక్కల మోటార్లకి జబ్బు చేస్తే చూసేది ఆయనే. ఆ సాయంత్రం బందరు బస్సు కోసం నిలబడ్డ అఖిలేష్, రోడ్డుకి అవతల పిండి మర చప్పుడు విని, మొన్నటిదాకా గంటకోసారి ఆగేది కదండీ, ఎలా బాగైందని అడిగాడు. అడిగిన పాపానికి మూడు బస్సులు వదులుకున్నాడు.

"నేను చేసిందేముందబ్బాయ్, వెళ్లి ఎదురుగా నిలబడ్డానంతే. జ్ఞానప్రసూనాంబ గారు తెలుసుగా, వాళ్లాయన పోయాక ఆ మర ఆవిడొక్కతే నడుపుకొస్తోంది. స్టార్టర్ డబ్బాలో ఓవర్‌లోడ్ రిలే అని ఒకటుంటుంది, మోటారు మోయలేనంత మోస్తుంటే ఆ వేడికి కరెంటు ఆపేసి దాన్ని కాలిపోకుండా కాపాడుతుంది. అలాంటిది, బరువేమీ లేకుండానే టప్పున ఆపేస్తోంది. సగం ఆడిన మిరపకాయలు సంచిలో పోసుకుని జనం వేరే మరకి పోతున్నారు. పామర్రు నుంచి ఎవరో వచ్చి మర కొంటానన్నాడు, ఆవిడ శుక్రవారం దాకా ఆగమంది. ఇంకో మహానుభావుడు రిలే పీకేసి డైరెక్టుగా కలిపెయ్యమన్నాడు. కాపలావాణ్ణి పంపించేసి తలుపులు తీసుకుని పడుకోవడమేగా అది, ఒక్క పూటలో మోటారు బూడిదయ్యేది. వద్దమ్మా, నేనొస్తున్నానుండు అన్నాను.

"సోమవారం వెళ్లి మూత విప్పాను. మీటరు పెడితే మూడు ఫేజులూ సమానం, ఆంపియర్లు మోటారు ప్లేటు మీద రాసినదానికన్నా తక్కువే, బేరింగులు ఒక్క వేలికి తిరుగుతున్నాయి, స్క్రూలు బిగువుగా ఉన్నాయి, రిలే సెట్టింగు ఉండాల్సిన చోటే ఉంది. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం దాకా ఒక్కసారి ఆగితే ఒట్టు. సరే కదా అని మూత బిగించి ఇంటికెళ్లి అన్నం కలుపుకున్నానో లేదో ఫోను, ఆగిపోయిందని. పరిగెత్తుకెళ్లి మూత విప్పి కూర్చుంటే మళ్లీ బుద్ధిగా తిరుగుతోంది. అప్పుడర్థమైంది, అది నా మొహం చూసి భయపడుతోందని."

"భయమా, ప్రేమా?" అన్నాడు బడే మియా, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"రెండూ ఉంటాయి మియా. మంగళవారం నా చొక్కా ఆ కుర్చీకి తగిలించి వచ్చేశాను. చొక్కాని చూసి కూడా తిరిగింది. బుధవారం పనుండి ఉయ్యూరు వెళితే ఆవిడ ఫోను చేసింది. ఫోను రిలే దగ్గర పెట్టమ్మా అని చిన్నగా గొంతు సవరించుకున్నాను, రీసెట్ బటను దానంతటదే లోపలికెళ్లింది."

"నిన్న మీరు దగ్గితే నా కొట్లో ఫ్యానాగిపోయింది గదండీ."

"అది సింగిల్ ఫేజు మియా, దానికంత అర్థం కాదు. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పామర్రు రైసుమిల్లువాళ్లకి చేరి, కొండపల్లిలో నా బొమ్మ చెక్కించుకెళ్లి మోటారెదురుగా పెట్టారు. మీసం సరిగ్గా కుదరలేదు, అందుకని మోటారు సగం స్పీడులోనే తిరిగింది. మీసం దిద్దించాక చూడు, పోసిన వడ్లకన్నా వచ్చిన బియ్యం ఎక్కువ. ఆ మీసం దిద్దించడానికి నేనే స్వయంగా కొండపల్లి వెళ్లాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను బస్సు దిగానో లేదో అక్కడి పవర్‌స్టేషన్లో కరెంటు పుట్టుకొచ్చేసి తీగల్లో పట్టలేదు. ఆ పూట జిల్లాలో ఎవరూ స్విచ్చు వెయ్యలేదు, లైట్లే వెలిగాయి. కాలవల మీద పంపులు ఎంత తోడాయంటే, హంసలదీవి దగ్గర సముద్రం రెండడుగులు దిగిపోయింది. నమ్మకపోతే అక్కడి చేపల్నడుగు."

"అడుగుతానండీ. ముందు ఇది చెప్పండి, మీ బొమ్మా లేదు, చొక్కా లేదు, మరి ఇప్పుడీ మర దేన్ని చూసి తిరుగుతోంది?" అన్నాడు అఖిలేష్.

వీరభద్రరావు నోరు తెరిచేలోగా వెనకనుంచి జ్ఞానప్రసూనాంబ గొంతు వినపడింది. స్టీలు గ్లాసు పట్టుకుని టీ కోసం వచ్చిన మనిషి, ఎప్పట్నుంచి వింటోందో ఏమో.

"భయమూ కాదు, ప్రేమా కాదు. రావుగారొచ్చినప్పుడల్లా మూత తీసేవారు. గాలి తగిలి రిలే చల్లబడేది."

మరి మూత వేస్తే అంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చేదని అఖిలేష్ అడిగాడు. ఆవిడ మెల్లగా చెప్పింది. డబ్బా కింద పలక మీద వాళ్లాయన ఫొటో ఉంటుంది. ఆయన పోయిన దగ్గర్నుంచి దాని ముందు మర ఆడినంతసేపూ దీపం వెలిగిస్తోంది. ఆ సెగ తిన్నగా పైనున్న డబ్బాకి తగిలి, లోపల రిలే మోటారే వేడెక్కిపోతోందనుకునేది. గురువారం వీరభద్రరావు డబ్బా అడుగున చెయ్యిపెట్టి చటుక్కున వెనక్కి తీసుకోవడం ఆవిడ చూసింది. దీపం మాట మాత్రం ఆయన ఎత్తలేదు. ఈ గోడకి చెమ్మ పడుతోందమ్మా, డబ్బాకి మంచిది కాదన్నాడు. ఎదుటి గోడకి బెజ్జాలు కొట్టి, కొత్త వైరు లాగి, ఒంటిచేత్తో డబ్బా అక్కడికి మార్చాడు. శుక్రవారం పామర్రు ఆయన వచ్చేసరికి మర ఆగకుండా తిరుగుతోంది. ఆవిడ అమ్మనని చెప్పి పంపించేసింది.

"ఆ గోడ మా ఆయన దగ్గరుండి కట్టించిందండీ. పాతికేళ్లలో ఏ వానకీ చెమ్మ పట్టలేదు," అంది ఆవిడ. "దీపం కాస్త పక్కకి జరపమంటే పోయేదిగా, రావుగారూ. అంత చాకిరీ ఎందుకు చేశారు?"

వీరభద్రరావు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చెప్పడానికి నోరు రాలేదమ్మా."

"నోరు రాలేదా?" అన్నాడు అఖిలేష్. "మీకా?"

ముందు నవ్వింది ఆవిడే.