ప్రార్థనలో మాయమైన విస్తరి

సువార్తమ్మని ఒకావిడ ఉండేదంట. కాలవ కట్ట మీద మా క్రైస్తవుల పల్లె ఉంది చూడు, అందులో చివరాఖరి ఇల్లు ఆవిడది. మొగుడు కల్లు తాగి కాలవలో పడి పోయాడు, పోయి నాలుగేళ్ళు. అదొక బాధ అనుకో, దానికి మించిన బాధ ఇంకోటి ఉందంట. ఏమైందంటే, నెలకోసారి టౌను నించి పెద్దయ్యగారు, అదే పాస్టరుగారొచ్చి, గుళ్ళో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం, ఇస్తాడు. ఆ మధ్యాన్నం ఆయనకి వంతులేసుకుని ఒక్కో ఇంట భోజనం పెడతారు. ఆ వంతులేసేది బెన్నెమ్మ, సంఘంలో ఆడోళ్ళకి పెద్ద. పరలోకానికి తాళాలు పేతురు దగ్గరుంటే ఉన్నాయి గానీ, మా పల్లె తాళాలు మాత్రం బెన్నెమ్మ బొడ్లోనే. తాగి చచ్చినోడి ఇంట్లో అయ్యగారు చెయ్యి కడగడమేంది అని, సువార్తమ్మ గుమ్మం దాకా వచ్చిన వంతు గెంతేసి పక్కింట్లో పడేదంట. నెలకో కోడి చొప్పున నాలుగేళ్ళు, అన్నీ పక్కిళ్ళ కోళ్ళే. కోడి కూర ఊరంతా ఘుమఘుమలాడతంటే సువార్తమ్మ తలుపేసుకుని ఏడ్చేదంట. నా ఇల్లు దేవుడికి కూడా పనికిరాలేదా అని.

ఒక నెల ఏమైందంటే, వంతున్న ఇంట్లో ఆటలమ్మ పోసింది. నవ్వకే శాంతమ్మా, నువ్వు చింతగింజలు తియ్యి. క్రైస్తవుల ఇంట్లో ఆటలమ్మేందంటావా? ఆవిడేమన్నా బాప్తిస్మం కాయితం అడిగి వస్తదా! ఇంక గతిలేక బెన్నెమ్మ వచ్చి, ఈ ఒక్కసారికి నువ్వు పెట్టు సువార్తమ్మా, ఒక్క తేడా వచ్చిందో, వంతు కాదు గదా, నీ గుమ్మం సంఘపోళ్ళెవరూ తొక్కరు, చూస్కో, అన్నదంట. అన్నా సరే సువార్తమ్మకి కాళ్ళు నేల మీద ఆన్లేదు. ఇల్లలికింది, ముగ్గు డబ్బా ఎత్తి, క్రైస్తవుల గుమ్మంలో ముగ్గేందనే బెన్నెమ్మ గుర్తొచ్చి దించేసింది, ఉన్న ఒక్క గుడ్లు పెట్టే పెట్టనీ కోసేసింది.

ఆదివారం మధ్యాన్నం పెద్దయ్యగారూ, బెన్నెమ్మా, ఇద్దరు సంఘపెద్దలూ వచ్చి కూర్చున్నారు. కోడి చూస్తే బక్కది. నాలుగు విస్తళ్ళకి వడ్డించేసరికి గిన్నెలో గరిటె చప్పుడు తప్ప ఏం మిగల్లేదు. అయ్యగారి విస్తట్లో రెండు తొడముక్కలూ, కందనకాయా. ప్రార్థన చేద్దాం అన్నాడాయన. ఆయన ప్రార్థన సంగతి మీకు తెలీదు. మొదలెడితే ఆదాము దగ్గర్నించి రావాలి. నోవహు ఓడెక్కేసరికి కూర ఆవిరి పోయింది, ఎర్రసముద్రం దాటేసరికి అన్నం చల్లారింది, ఆయన మాత్రం ఇంకా అరణ్యంలోనే తిరగతన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. సువార్తమ్మ ఒక్కతే తెరుచుకునుంది, ఈగలు తోలాలి గదా మరి. అంతలో అయ్యగారు గొంతు పెంచి, తండ్రీ, ఆకలిగొన్నవాళ్ళు ఎక్కడున్నా సరే ఈ గుమ్మానికి నడిపించు తండ్రీ, మా ముద్ద వాళ్ళ ముద్ద చెయ్యి తండ్రీ, అన్నాడు. బెన్నెమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. అందో లేదో, గుమ్మంలో ఒక మనిషి నిలబడింది.

బాతుల్ని తోలుకుంటా ఊరూరూ తిరుగుతారే, వాళ్ళలో ఒకావిడ. సంకలో చంటిపిల్ల. పిల్ల చప్పరిస్తంది గానీ ఆవిడ రొమ్ములో పాలుంటేగా! అమ్మా, నిన్నట్నించీ ఏం తిన్లేదు, ఇంత బువ్వ, అన్నదంట గొణుగుతా. సువార్తమ్మ ఖాళీ గిన్నె వంక చూసింది. తన వాటా పెట్టొచ్చుగా అంటావా? తన వాటా అంటే కుండడుగు మాడేనమ్మా. బెన్నెమ్మ విస్తరి లాగితే కళ్ళు మూసుకునే కొడతది. ఆగమందామా అంటే అయ్యగారు ఇప్పుడిప్పుడే దావీదు దగ్గరకొచ్చాడు, యేసయ్య పుట్టడానికే ఇంకా బోలెడు తరాలున్నాయి. ఏం జెయ్యాలి? పోతే వంతు పోద్ది, పిల్ల ప్రాణం కాదుగా, అనుకుని అయ్యగారి విస్తరి రెండు చేతుల్తో మెల్లగా ఎత్తి, తీసుకెళ్ళి బాతులావిడ ముందు పెట్టింది. ఆవిడ గబగబా తింటందీ, ఈయన గడగడా చెప్తన్నాడు.

ఎట్టకేలకి ఆమెన్ అని అయ్యగారు కళ్ళు తెరిచి, చెయ్యి ముందుకి పెడితే అలికిన నేల తగిలింది. నా విస్తరేదీ? బెన్నెమ్మ గుమ్మం వైపు చూసి కెవ్వుమంది. ఓసి నీ మొహం మండా, దైవజనుడి కూడు దారినపోయే దానికి పెడతావటే, కొట్టేశా నీ వంతు, జన్మలో రాదు పో, అని లేచింది. సువార్తమ్మకి ఏడుపు తన్నుకొస్తంది. కొంగుతో కళ్ళొత్తుకుని అయ్యగారితో అన్నదంట, అయ్యా, పంపించమని అడిగింది మీరు, ఆమెన్ అన్నది బెన్నెమ్మక్క. దేవుడు పంపించాడు. వచ్చినాక, ఉండు, ఇంకా అడగడం కాలేదు అని చెప్పమంటారా?

అంతలో అయ్యగారి పొట్ట గుర్రుమంది. అది విని బాతులావిడ, అయ్యో, నీ కూడా సామీ ఇది? నాకు తెలీదయ్యా. నువ్వూ పొద్దున్నించీ తిన్లేదా? ఇదుగో, మా ఆయనకని ఒక తొడముక్క పక్కన పెట్టా, నువ్వు తినెయ్, రా, అని విస్తరి ఇటు జరిపి పక్కన చోటు చూపించిందంట. ఎవరింట్లో ఎవరు ఎవర్ని పిలుస్తన్నారో చూశావా! ఇరవై ఏళ్ళ నించీ అతిథి సత్కారం మీద ప్రసంగాలు చెప్పిన మనిషి, ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగినయ్యంట. లేచెళ్ళి గుమ్మంలో బాతులావిడ పక్కన బాసీపట్టు వేసుకుని, ఆ ముక్క మీ ఆయనకే ఉంచు తల్లీ, అని, సువార్తమ్మా, ఆ మాడుంటే పట్రా, కూర గిన్నె కడిగి ఆ నీళ్ళు పొయ్యి, అన్నాడు. తిన్నాడు, వేళ్ళు కూడా నాకాడు. అప్పుడు బెన్నెమ్మతో, నువ్వన్నది నిజమే బెన్నెమ్మా, ఈ ఇంటి వంతు కొట్టెయ్, అన్నాడు. సువార్తమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ఆయనే మళ్ళీ, వంతుకొచ్చేవాడు చుట్టమెట్టా అవుతాడు? ఈ ఇంటికి వంతు లేకుండానే వస్తా, ఆకలేసినప్పుడల్లా వస్తా, అన్నాడంట. సువార్తమ్మ అప్పుడేడ్చింది చూడు, మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మరి బెన్నెమ్మో? ఆవిడ విస్తట్లో ముక్కలు ఆవిడే తిన్నది, చెప్పుకోడానికేం. అయ్యగారు మాత్రం అన్న ప్రకారం వచ్చేవాడు. ప్రార్థన కూడా తగ్గించేశాడంట, స్తోత్రం తండ్రీ, ఆమెన్, అంతే. అదీ ఒక కన్ను తెరిచి, ఒక చెయ్యి విస్తరి మీదేసి. మనిషి మారతాడు గానీ, మరీ పూర్తిగా మారాలంటే ఎట్టా!