గడప లోపల అనని మాట

శుక్రవారం, దీపాలు పెట్టే వేళ. హిందీ రాష్ట్రంలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊరు; అక్కడి బాగ్‌బేరా బస్తీలో రైలు పట్టాల పక్కన ఒంటిగది ఇల్లు. కోడలు త్రివేణి, అత్త నూకాలమ్మ, ప్రైవేటు స్కూల్లో పేదల కోటా నర్సరీ సీటు కోసం ఇల్లు చూసి రాసుకోడానికి వచ్చిన సర్కారు బడి సత్యప్రసాద్ మాస్టారు.

"మళ్లీ అడుగుతున్నానమ్మా. ఫ్రిజ్ ఉందా, లేదా?"

"ఉన్నాది బావూ."

"అత్తా!"

"ఏటే? అడిగినారు, సెప్పినాను."

"సార్, ఫ్రిజ్ లేదు. మీరే చూడండి, ఉన్నదే ఒక్క గది. కావాలంటే మంచం కింద కూడా చూసుకోండి."

"చూస్తూనే ఉన్నాను త్రివేణి గారూ. కానీ రేషన్ కార్డు నూకాలమ్మ గారి పేరున ఉంది. ఇంటి యజమాని ఆవిడ. ఆవిడ నోటితో చెప్పిందే నేను రాయాలి. అమ్మా, ఫ్రిజ్ ఎక్కడుంది?"

"బంగారమ్మ ఇంట్లో."

"మీ ఫ్రిజ్ బంగారమ్మ గారింట్లో ఎందుకుంది?"

"ఆలింట్లో జాగా ఉన్నాది మరి."

"సార్, ఆ ఫ్రిజ్ పక్కింటి బంగారమ్మత్తదే. అందులో పెరుగు గిన్నె మాది. అంతే."

"పెరుగు మనదైనప్పుడు ఫ్రిజ్ మనది కాదేటి?"

"సరే, అది తర్వాత చూద్దాం. టీవీ?"

"ఉన్నాది."

"మేకుంది సార్, ఆ గోడకి. టీవీ అమ్మేశాం."

"మేకున్నాక టీవీ రాకేటవుద్ది? వత్తాది."

"వచ్చాక రాస్తానమ్మా. ఇంతకీ పాప ఏది? హిమబిందు అని కదూ పేరు?"

"బంగారమ్మత్త ఇంట్లో టీవీ చూస్తోంది సార్."

"సూసినావా బావూ, టీవీ ఉన్నాది."

"మోటార్‌సైకిల్? గుమ్మం పక్కన ఒకటి కనిపించింది."

"ఉన్నాది. ఎర్రది."

"అది ఎదురింటి పింటూది సార్! ఎండ తగలకుండా మా రేకుల కింద పెట్టుకుంటాడు. అడిగి చూడండి, పిలవమంటే పిలుస్తాను."

"మన నీడలో ఉన్నప్పుడు మనదే. మన హిమబిందు గుంట రోజూ దాని మీదెక్కి ఆడతాది."

"ఊళ్లో భూమి ఏమైనా?"

"ఉన్నాది. శ్రీకాకుళం కాడ, మా మావ పేరున. అరెకరం."

"అత్తా, నీకు దండం పెడతాను. సార్, ఆ అరెకరం ఏరు కోసుకుపోయింది. నా పెళ్లికి ముందు మాట."

"భూమెక్కడికి పోద్దే? ఏటి కింద ఉన్నాది."

"త్రివేణి గారూ, నేనేం రాయను చెప్పండి? ఫ్రిజ్, టీవీ, బండి, పొలం. ఈ బస్తీలో ఇంత ఉన్నవాళ్లని ఇవాళ ఇంకెవరినీ చూడలేదు. ఇది గరీబుల కోటా. ఏడాదికి డెబ్బై రెండు వేలు దాటిన ఇంటికి సీటివ్వరు."

"సార్, నేను రెండిళ్లలో వంట చేస్తాను, గిన్నెలు తోముతాను. నెలకి నాలుగు వేలు. ఈ ఇల్లు నడిచేది దాంతోనే."

"ఒలే, దీపమెట్టిన ఏల తక్కువ మాటలేటే? బావూ, అది అలాగే అంటాది గానీ, మాకన్నీ ఉన్నాయి. బియ్యం ఉన్నాయి, పప్పు ఉన్నాది, నూని ఉన్నాది."

"మరి మీ అబ్బాయి? శివశంకర్ అని కార్డులో పేరుంది."

"సార్, నీళ్లు తాగుతారా?"

"వద్దండి. శివశంకర్ గారు..."

"ఉన్నాడు బావూ. సెకండ్ షిఫ్టుకెల్లినాడు."

"సార్, పోనీ టీ పెట్టనా?"

"వద్దు త్రివేణి గారూ. నెలకి ఎంత తెస్తారమ్మా?"

"బాగా తెత్తాడు. ఆడికేటి, మంచి పనోడు."

"మీ అప్లికేషన్‌లో తండ్రి ఆదాయం దగ్గర సున్నా అని ఉంది. అమ్మగారు సెకండ్ షిఫ్టు అంటున్నారు. రెండూ కలిపి నేను రాయలేను. ఆయన పని చేస్తున్నారా, లేదా?"

"పంచదార ఎంత వెయ్యమంటారు సార్?"

"నేను టీ అడగలేదండీ."

"ఆ... అవును. సార్, మీరు తెలుగువాళ్లే కదా, మీకు చెప్తే అర్థమవుద్ది. మా అత్త అబద్ధాలకోరు కాదు. ఇంట్లో ఉండగా ఆ మాట అనదు, అంతే. శుక్రవారమైతే అసలే అనదు."

"ఏ మాట?"

"అదే సార్, ఆ మాట. ఇందాకట్నుంచీ నేను అంటున్నాను కదా, ఫ్రిజ్జూ అదీ అని. దానికి మీరెళ్లాక నాకుంటాది."

"ఉంటాది. తథాస్తు దేవతలు తిరిగే ఏల బావూ ఇది. మనం ఏటంటే దానికి తథాస్తంటారు. ఉన్నాదంటే ఎప్పటికో అప్పటికి వత్తాది. ఆ పాడు మాటంటే? ఉన్నది కూడా పోద్ది."

"మా అమ్మా ఇంతేనమ్మా, ఈ ఊళ్లోనే, సిద్ధగోరాలో. ఇంట్లో ఉప్పు అయిపోతే వాకిట్లోకెళ్లి నాకు ఫోన్ చేస్తుంది."

"మంచి తల్లి. ఏ ఊరోలు?"

"సార్, అదే! వాకిట్లోకి రండి. గడప దాటితే మా అత్త కూడా అంటాది. రేషన్ కొట్లో ఎన్నిసార్లు అంటాదో! చిల్లర లేదు, సంచి లేదు, ఓపిక లేదు."

"వీదిలో అంటే వీదికి తగులుద్ది. మనకేటి."

"వీధిలో నేనూ నిలబడతాను కదమ్మా."

"నువ్వు గవర్మెంటోడివి బావూ. నీకేటీ తగల్దు."

"సరే పదండి. ఇంకా గోవింద్‌పూర్‌లో ఒక ఇల్లు చూడాలి."

"నా సెప్పులెక్కడే? ఆ. బావూ, ఈ సీటు ఉత్తినే అంటన్నారు. నిజంగా ఉత్తినేనా?"

"ఫీజు ఉత్తినే. డ్రెస్సు, బూట్లు, స్కూలు వ్యాను, అవి మీరే చూసుకోవాలమ్మా."

"అంగన్‌వాడీలో కిచిడీ ఎడతారు. ఈ ఇస్కూల్లో ఏటెడతారు?"

"అక్కడ అన్నం డబ్బా ఇంటి నుంచే పట్టుకెళ్లాలి."

"అంత డబ్బున్న ఇస్కూలు, పిల్లలకి గరిటెడు కిచిడీ ఎట్టలేదా?"

"అత్తా, కిచిడీ సంగతి తర్వాత. సార్, కోటా సీటు నర్సరీలోనే ఇస్తారంటకదా? ఇప్పుడు పోతే ఇంక ఏ క్లాసులోనూ ఇవ్వరంటకదా?"

"అవునండీ. ఎంట్రీ క్లాసులోనే. పాప వయసు కూడా ఈ ఏడాదికే సరిపోయింది."

"విన్నావా అత్తా? నేను ఎనిమిదో క్లాసులో మానేసి ఊరందరి గిన్నెలూ తోముతున్నాను. నా కూతురు తోమకూడదు. నాకు అదొక్కటే కావాలి, ఇంకేటీ వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, సరిగ్గా చెప్పు."

"నా కాల్లు తర్వాత పట్టుకుందువు గానీ, ముందు గడప దాటనీ. ఆ, రెండు కాల్లూ దాటినాను. అడుగు బావూ."

"ఫ్రిజ్?"

"లేదు."

"టీవీ?"

"లేదు."

"మోటార్‌సైకిల్?"

"పింటూగాడిది. దానికి సైలెన్సరు కూడా లేదు. పొద్దున్నే లెగ్గొడతాడు."

"పొలం?"

"లేదు. ఏరు తినేసింది."

"బంగారం?"

"లేదు. ఈ ముక్కుపుడక గిల్టు. కోడలికి తెలీదు."

"తెలుసత్తా."

"తెలుసా? మరి అడగలేదేటే?"

"అమ్మా, కూలరు?"

"లేదు. తలుపుకి గడియ లేదు. సందు సివర కొళాయికి నీల్లు లేవు. స్తంభానికి లైటు లేదు. రాసుకో."

"అవి ఇందులో రాసే చోటు లేదమ్మా."

"పక్కన రాసుకో. ఇన్నాల్టికి అడిగినోడివి నువ్వే దొరికినావు."

"బాగుంది. ఇంక ఒక్కటే మిగిలింది."

"అడుగు, అడుగు."

"శివశంకర్."

"పొద్దోయింది బావూ. నువ్వింకా గోవింద్‌పూర్ ఎల్లాల."

"అమ్మా? ఏ కంపెనీ, ఎంత జీతం?"

"సార్, ఆ ఒక్కటీ నన్నడగండి."

"మీరు చెప్తే కుదరదని చెప్పాను కదా."

"మా ఆయన పోయారు సార్."

"ఎక్కడికి?"

"చనిపోయారు సార్. పోయినేడు, ఇక్కడివాళ్ల ఛఠ్ పండగ ముందు. కాంట్రాక్టర్ కింద, ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ పనికెళ్లి పైనుంచి పడ్డారు. సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది. కార్డులో పేరు మాత్రం కొట్టించలేకపోయాను. అత్త వేలిముద్ర వెయ్యదు. రేషన్ డీలర్ దగ్గరికని తీసుకెళ్తే సగం దారిలోంచి తిరిగొచ్చేస్తాది."

"అయ్యో. నాకు తెలీదండీ. లోపలే ఒక్క మాట చెప్పుండాల్సింది."

"లోపల ఎలా చెప్పను సార్? లోపల ఆయన సెకండ్ షిఫ్టుకెళ్లారు. ఇప్పటికీ అత్త రోజూ ఆయనకి కంచం పెట్టి మూతేస్తాది."

"ఒలే, నోరు ముయ్యి."

"ముయ్యనత్తా. ఇంట్లో మూసుకునే ఉన్నాను. ఇది వీధి."

"నూకాలమ్మ గారూ, నేను చెప్పేది కొంచెం వినండి. కార్డులో పేరున్నంత కాలం పై ఆఫీసులో ఆయన్ని సంపాదించే మనిషిగానే లెక్కేస్తారు. అప్లికేషన్ కొట్టేస్తారు. కార్డు మీది కాబట్టి మీరు చెప్పి, వేలిముద్ర వేస్తే, ఈ సర్టిఫికెట్ జత చేసి రేపే ఇచ్చేస్తాను. రేపే ఆఖరు."

"మీ అమ్మయితే అంటాదా బావూ?"

"ఏమో అమ్మా. నేను అడగలేను."

"మరి నన్నడుగుతున్నావు."

"అవునమ్మా."

"డాక్టరన్నాడు. కాంట్రాక్టరన్నాడు. బస్తీ అంతా అన్నాది. ఇది కూడా అన్నాది. నాను అనలేదు. కన్నదాన్ని కదా, నా నోటితో అంటే నిజమైపోద్ది. నాను అననంతకాలం ఆడు ఎక్కడో ఓకాడ ఉన్నట్టే."

"అత్తా, నాకు మాత్రం ఉన్నాడనుకోవాలని లేదేటి? నీకు దుక్కముంది, నాకు లేదా? తెల్లారి లేచి పనికెళ్లాలి గనక నేను ఒప్పుకున్నాను. అంతే. ఇప్పుడు గుంట సీటు చూడత్తా."

"ఆ ఇస్కూలుకెల్తే ఇంగిలీసు మాటాడతాదా బావూ?"

"గడగడా మాట్లాడుతుందమ్మా."

"ఒకలింట్లో గిన్నెలు తోమదు కదా?"

"తోమదు."

"ఆల నాన్నకి కూడా అదే ఆశ ఉండీది. నా కూతుర్ని పెద్ద ఇస్కూల్లో ఏత్తానమ్మా అనీవోడు. సరే. అడుగు."

"శివశంకర్ ఉన్నారా అమ్మా?"

"ఆగు. గూడ్సు వత్తంది."

"..."

"..."

"ఏమన్నారమ్మా? బండి చప్పుడులో వినపడలేదు."

"సెప్పేసినాను."

"గూడ్సు కోసమే ఆగింది సార్. పెదాలు కదిలాయి, నేను చూశాను."

"నేను వినాలమ్మా. క్షమించండి. బండి పోయాక ఇంకోసారి."

"పోయిందా?"

"ఆఖరి గార్డు పెట్టె కూడా పోయింది."

"లేడు బావూ. నా కొడుకు లేడు. రాసుకో."

"రాశాను."

"ముద్ర ఎక్కడెయ్యాలి?"

"ఇక్కడమ్మా. ఇంకొంచెం ఒత్తండి. ఆ, చాలు."

"సరిగ్గా పడిందా సూడు. మల్లీ నా సేత ఎయ్యించకు."

"బాగా పడింది."

"మరి సీటు?"

"నేను రాయాల్సింది అంతా సరిగ్గా రాశాను. వస్తుందమ్మా."

"అత్తా, ఏడవకు."

"ఏడిత్తే ఏటే? వీదిలోనే కదా ఏడుత్తన్నాను."

"నేను వెళ్లొస్తానమ్మా."

"ఎల్దువు గానీ బావూ. ముందు సెప్పులిప్పి లోపలికి రా."

"టీ ఏమీ వద్దమ్మా, నిజంగా."

"టీకి కాదు. లోపలికొచ్చి ఆ ఆకరి మాట, ఆడున్నాడా అని, ఇంకోపాలి అడుగు."